పాతదైంది అనే జవాబు

బండి పరుగెడుతున్నంతసేపూ దాని ఆరోగ్యం బయటపడదు. రోడ్డు మోత, గాలి హోరు, పక్క బస్సు హారన్ కలిసి ఇంజను గొంతును మింగేస్తాయి. నల్లకుంట సిగ్నల్ దగ్గర ఆగి, గేరు న్యూట్రల్‌లోకి తెచ్చి, కాలు యాక్సిలరేటర్ మీంచి తీసేస్తే అప్పుడు వినపడుతుంది అసలు గొంతు. ఏ పనీ చెప్పకుండా ఊరికే తిరుగుతూ ఉండమన్నప్పుడు ఇంజను ఎంత నిలకడగా తిరుగుతుందో అదే దాని నిజమైన స్థితి. మెకానిక్కులు దీన్ని ఐడ్లింగ్ అంటారు. ఐడ్లింగ్ బాగుంటే బండి బాగున్నట్టే అని కాచిగూడ షెడ్లలో తరచూ వింటుంటాను. అది పూర్తిగా నిజం కాకపోవచ్చు. కానీ ఐడ్లింగ్ బాగాలేని బండికి ఎక్కడో ఏదో జరుగుతోందన్నది మాత్రం ఖాయం.

మా మారుతి 800 1998 నాటిది. నంబరు ప్లేటు మీద ఇంకా ఏపీ 11 ఉంది. అది చూసి మలక్‌పేట ఆఫీసు బండి అని పాతకాలం వాళ్ళు ఇట్టే చెప్పేస్తారు. మూడు సిలిండర్లు, 796 సీసీ, కార్బొరేటర్. కొన్నాళ్ళుగా సిగ్నల్ దగ్గర ఆగితే చాలు వణకడం మొదలుపెట్టింది. స్టీరింగ్‌లో వణుకు, డోరు అద్దంలో వణుకు, సీటు కింద వణుకు. మధ్యమధ్య ఒక దెబ్బ తప్పినట్టు తూలి, ఆగిపోతుందేమో అనిపించి, మళ్ళీ అందుకునేది. చూసినవాళ్ళంతా ఒకే మాట అన్నారు. “పాతదైంది కదండీ.” పక్కింటాయన అన్నాడు. పెట్రోలు బంకులో కుర్రాడు అన్నాడు. ఒక సర్వీసు సెంటర్లో కంప్యూటర్ ముందు కూర్చున్నాయన బానెట్ ఎత్తకుండానే అన్నాడు.

నన్ను వేధించింది ఆ మాటే. పాతదనం కారణం ఎలా అవుతుంది? ఇనుముకు తన పుట్టినరోజు తెలియదు. దానికి తెలిసినవి వేడి, రాపిడి, తేమ, దుమ్ము, తన ఒంట్లోంచి పారిన నూనె. ఇరవై ఏడేళ్ళలో వాటిలో ఏది ఎంత పని చేసిందో చూడకుండా ‘పాతదైంది’ అంటే, వెతకడం మానేశామని చెప్పడమే. ఆ మాటకు ఇంకో సౌకర్యం ఉంది. దాన్ని ఎవరూ కాదనలేరు. బండి పాతదే కదా! కాదనలేని మాట కాబట్టే అది జవాబులా చలామణీ అయిపోతోంది.

ఊరికే తిరగడం ఇంజనుకు చిన్న పనేమీ కాదు. నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంక్ రెండు చుట్లు తిరిగేసరికి ఒక్కో సిలిండర్‌లో ఒక్కసారి మంట అంటుకుంటుంది. నిమిషానికి 900 చుట్లు అనుకుంటే ఒక్కోదానిలో 450 సార్లు, మూడిట్లో కలిపి 1,350 సార్లు. అంటే సెకనుకు ఇరవై రెండు సార్లకు పైగా. ప్రతిసారీ పెట్రోలూ గాలీ పాళ్ళు కుదరాలి. తూకంలో ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ళ గాలి కావాలి. వాల్వులు బిగుతుగా మూసుకోవాలి, ప్లగ్గు సమయానికి నిప్పు పెట్టాలి. బండి జోరుగా పోతున్నప్పుడు ఒక దెబ్బ తప్పినా చుట్టూ ఉన్న దెబ్బలు దాన్ని లాక్కుపోతాయి. ఐడ్లింగ్‌లో ఆ ఆసరా ఉండదు. తప్పిన ప్రతి దెబ్బా మన ఒంటికి తెలుస్తుంది. పైగా మూడు సిలిండర్ల ఇంజను పుట్టుకతోనే కాస్త ఊగుతుంది. నాలుగు సిలిండర్ల నునుపు దానినుంచి ఆశించడం అన్యాయం. ఎంత ఊగడం దాని స్వభావం, ఎక్కణ్ణుంచి జబ్బు అన్నది తేల్చుకోవడానికి చెవి కావాలి, ఓపిక కావాలి.

ఆ రెండూ కాచిగూడలో దొరికాయి. చౌరస్తా నుంచి నింబోలిఅడ్డ వైపు పోయే సందుల్లో ఒక రేకుల షెడ్డు. అక్కడి ఉస్తాద్ కార్బొరేటర్ బండ్లు ముట్టుకునే కొద్దిమందిలో ఒకరు. నేను అలవాటు కొద్దీ యాక్సిలరేటర్ తొక్కి చూపించబోతే చెయ్యెత్తి ఆపాడు.

“రేసు ఇయ్యకుండ్రి సార్. అట్లనే ఉండనియ్యుండ్రి.”

వెళ్ళి సైలెన్సర్ గొట్టం వెనక అరచెయ్యి పెట్టి గొంతుక్కూర్చున్నాడు. ఆ చేతికి అందుతున్న సమాచారం ఏమిటో తర్వాత చెప్పాడు. దెబ్బ ఒక వరసలో తప్పుతుంటే ఒక సిలిండర్ పని చెయ్యట్లేదని అర్థం. అప్పుడు ప్లగ్గో, దాని వైరో, కాలిన వాల్వో, అరిగిన రింగులో చూడాలి. వరసంటూ లేకుండా ఎప్పుడు పడితే అప్పుడు తప్పుతుంటే లోపం అన్ని సిలిండర్లకూ ఉమ్మడిగా ఉన్నచోట వెతకాలి, అంటే గాలీ పెట్రోలూ కలిసే దగ్గర. మా బండిది వరస లేని తప్పడం.

అప్పుడు రేసు ఇమ్మన్నాడు. 1,500 చుట్లు దాటగానే వణుకు మాయమైంది. నాకు అది శుభవార్తలా తోచింది గానీ ఆయన దాన్ని ఇంకో ఆధారంగా తీసుకున్నాడు. ఐడ్లింగ్‌లో కార్బొరేటర్ తలుపు దాదాపు మూసి ఉంటుంది. సిలిండర్లు గాలి కోసం గట్టిగా లాగుతుంటాయి. ఆ దశలో ఎక్కడైనా చిన్న పగులు ఉంటే లెక్కలో లేని గాలి అక్కణ్ణుంచి దూరుతుంది. లోపలికి పోయే మొత్తం గాలే తక్కువ కాబట్టి ఆ దొంగగాలి వాటా పెద్దదైపోతుంది, మిశ్రమం పలచబడుతుంది. తలుపు తెరిచాక వెల్లువలా వచ్చే గాలిలో ఆ పగులు గాలి ఎంత? అందుకే రేసు ఇస్తే సర్దుకుంటుంది. ఇది తెలియనివాళ్ళూ, తెలిసినా తీరిక లేనివాళ్ళూ చేసే పని స్లో స్క్రూ తిప్పి ఐడ్లింగ్ పెంచేయడం. వణుకు పోతుంది, యజమాని సంతోషంగా వెళ్ళిపోతాడు. పగులు అక్కడే ఉంటుంది, పెట్రోలు కాస్త ఎక్కువ తాగుతుంది. మా బండికి ఆ వైద్యం అంతకుముందే ఒకచోట జరిగింది.

ఉస్తాద్ మొదట స్లో స్క్రూ మామూలు స్థానానికి తెచ్చాడు. బండి మళ్ళీ వణికింది. రబ్బరు పిడి ఉన్న పట్టకారుతో ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే ఊడదీసి చూశాడు. బాగా పనిచేస్తున్న సిలిండర్ వైరు తీస్తే ఇంజను కుంటుతుంది. అప్పటికే చచ్చిన సిలిండర్‌దైతే తీసినా తేడా ఉండదు. మొదటి రెండూ తీసినప్పుడు బాగా కుంటింది, మూడోది తీసినప్పుడు తక్కువగా. చచ్చింది ఏదీ లేదు, ఒకటి నీరసంగా ఉంది. ప్లగ్గులు విప్పితే రెండు లేత గోధుమరంగులో ఆరోగ్యంగా ఉన్నాయి. మూడోది నల్లగా, నూనె తడితో. అది రింగులదో వాల్వు సీళ్ళదో అరుగుదల. అక్కడ వయసు వాటా ఉందని ఒప్పుకోవాలి. వయసు అంటే ఇక్కడ కాలం కాదు, కిలోమీటర్లు. తర్వాత బ్రేకు తొక్కి ఉంచి క్లచ్ కొద్దిగా వదలమన్నాడు. ఇంజను ఒక పక్కకి లేచింది. దాన్ని మోసే రబ్బరు మౌంటింగుల్లో ఒకటి చీలిపోయి ఉంది. అంటే నాకు సీటు కింద తెలుస్తున్న వణుకులో సగం ఇంజనుది కానే కాదు, ఇంజను ఊగడాన్ని బాడీకి చేరకుండా ఆపాల్సిన రబ్బరుది.

ఒక వణుకుకు ఇన్ని వాటాదార్లు! ‘పాతదైంది’ అన్న ఒక్క మాట వీటన్నిటినీ ఒకే మూటలో కట్టేసింది.

ఆ తర్వాతే ఆయన ఆయిల్ పోసే మూత తిప్పి తీశాడు. మూత లోపల కాఫీ నురగ రంగులో వెన్నలాంటి పదార్థం పేరుకుని ఉంది. దాన్ని చూడగానే చాలామంది హెడ్ గ్యాస్కెట్ పోయిందనేస్తారు. రేడియేటర్ నీళ్ళు నూనెలో కలిసినా అలాగే ఉంటుంది మరి. రేడియేటర్‌లో నీళ్ళు తగ్గట్లేదు, ఇంజను వేడెక్కట్లేదు, డిప్‌స్టిక్ మీద నూనె నల్లగానే ఉంది గానీ పాలకాఫీ రంగుకు మారలేదు. కాబట్టి అది కాదు. టాపెట్ కవర్ విప్పితే అసలు సంగతి కనబడింది. రాకర్ల చుట్టూ, మూలల్లో, నూనె కిందికి దిగే రంధ్రాల అంచుల్లో నల్లటి మడ్డి. గీరితే వేలికి తారులా అంటింది.

ఈ మడ్డి ఎలా పుడుతుందో తెలుసుకోవాలంటే వంటింట్లో నూనె డబ్బా మూత చుట్టూ పట్టే బంకను తలుచుకోవాలి. ఎంత కడిగినా వదలని ఆ జిగట, పలచటి నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గొలుసులు గొలుసులుగా పేరుకుపోయిన రూపం. ఇంజనులో ఇదే జరుగుతుంది, కాకపోతే అక్కడ వేడి ఎక్కువ, తోడుగా చేరేవీ ఎక్కువ. సిలిండర్‌లో మండిన వాయువులు కొంత రింగుల సందుల్లోంచి కిందికి, నూనె ఉండే క్రాంక్‌కేసులోకి దూరుతాయి. వాటితో పాటు మండని పెట్రోలు ఆవిరి, నత్రజని ఆక్సైడ్లు, మసి, నీళ్ళు. నీళ్ళెక్కడివి అంటారేమో. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీళ్ళు పుడతాయి. చాలావరకు ఆవిరిగా సైలెన్సర్‌లోంచి పోతాయి. కొంత లోపలికి దిగుతుంది. ఇంజను బాగా వేడెక్కి, నూనె తొంభై డిగ్రీల దాకా పోయి, కాసేపు అలాగే ఉంటే ఆ తేమ మళ్ళీ ఆవిరై బయటపడుతుంది. అంత వేడెక్కకపోతే నూనెలోనే నిలిచి ఆమ్లాలకు, మడ్డికి మూలమవుతుంది.

మా బండి జీవితం మేముండే తార్నాక నుంచి ఉస్మానియా యూనివర్సిటీ లోపలికి, అక్కణ్ణుంచి తిరిగి తార్నాకకి. మధ్యలో స్పీడు బ్రేకర్లు, ఆర్ట్స్ కాలేజీ ముందు ఉదయపు నడక జనం. నాలుగు చినుకులు పడితే తప్ప దాన్ని తియ్యాల్సిన అవసరం కూడా ఉండదు. టెంపరేచర్ ముల్లు మధ్యకు వచ్చేసరికి పార్కింగ్ వచ్చేస్తుంది. ఆ ముల్లు చెప్పేది నీళ్ళ వేడి. నూనె వేడెక్కడానికి అంతకంటే చాలా ఎక్కువ సేపు పడుతుంది. ‘నెమ్మదిగా, దగ్గర దగ్గర తిరిగిన బండి సార్, యూనివర్సిటీ వాళ్ళది’ అని సెకండ్ హ్యాండ్ బేరగాళ్ళు గొప్పగా చెబుతుంటారు. నిజానికి రోజూ వరంగల్ దాకా పోయివచ్చే ట్యాక్సీ ఇంజను లోపల అంతకంటే శుభ్రంగా ఉండొచ్చు. సుఖంగా పెంచడమే కొన్ని యంత్రాలకు చెరుపు. ఇది నాకు చాలా కొత్తగా తోచిన విషయం, ఇప్పటికీ దీని గురించి ఆలోచిస్తుంటాను.

నూనె నల్లబడితే చెడిపోయిందనుకోవడం కూడా పొరపాటే. ఇంజను ఆయిల్‌లో మసి రేణువుల్ని విడివిడిగా పట్టి ఉంచే రసాయనాలు కలుపుతారు. నల్లబడిందంటే అవి పని చేస్తున్నాయని. వాటి శక్తి అయిపోయాకే రేణువులు ఒకదానికొకటి అంటుకుని కింద కూచుంటాయి. రంగు చూసి నూనె గురించి తీర్పు చెప్పకూడదన్న సంగతి రైల్వేవాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. తార్నాకకు కూతవేటు దూరంలోని మౌలాలి లాంటి డీజిల్ షెడ్లలో ఇంజన్ల నూనె నమూనాలు ల్యాబుకు పోతాయి. చిక్కదనం ఎంత, నీళ్ళు కలిశాయా, ఇనుము, రాగి, సీసం ఎంతెంత చేరాయి అని చూస్తారు. రాగి పెరిగితే ఫలానా బేరింగు అరుగుతోందని ఇంజను విప్పకుండానే పోల్చుకుంటారు. 1916లో కట్టిన కాచిగూడ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద ఆగి ఉన్న డీజిల్ ఇంజన్ల గుబగుబ వింటూ పెరిగినవాళ్ళం మేము. ఆ చప్పుడు వెనక ఇంత శ్రద్ధ ఉందని అప్పట్లో తెలియదు. ఇప్పుడు కరెంటు ఇంజన్లు వచ్చి ఆ చప్పుడే అరుదైపోయింది.

నూనెల మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న పక్కదారి. మోటారు నూనెల్లో పేరుమోసిన క్యాస్ట్రాల్ తన పేరును ఆముదం (క్యాస్టర్ ఆయిల్) నుంచి తెచ్చుకుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల రోటరీ ఇంజన్లు చాలావరకు ఆముదంతోనే తిరిగాయి, పెట్రోలులో కరగదు కనుక. నల్లగొండ, పాలమూరు మెట్టచేలల్లో పండే ఆముదమే ఒకప్పుడు ఆకాశంలో ఇంజన్లను కాపాడిన నూనె జాతి అన్నమాట. దాని చిక్కల్లా త్వరగా జిగురు కట్టడం. మొక్కల నూనెల్ని ఆ జిగురు పట్టకుండా యంత్రాలకు పనికొచ్చేలా మలచడం మీద మా తార్నాకలోని రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీలో పరిశోధన సాగింది. 1944లో హైదరాబాద్ రాజ్యపు ప్రయోగశాలగా మొదలై, 1956లో సీఎస్‌ఐఆర్ చేతికి వచ్చి, ఆర్‌ఆర్‌ఎల్ అన్న పేరుతో మా తరం నోట నానిన సంస్థ అది.

మడ్డి పాత బండ్ల జబ్బే అయితే అమెరికాలో టొయోటాకు జరిగింది జరగకూడదు. 1990ల చివర సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్ళిన మన పిల్లలు చాలామంది అక్కడ కాలు పెట్టగానే కొనుక్కున్నది సెకండ్ హ్యాండ్ క్యామ్రీ. ఎన్నేళ్ళయినా ఆగదని దానికి పేరు. అదే కంపెనీ 1997 నుంచి 2002 దాకా చేసిన రెండు రకాల ఇంజన్లలో కొన్నిటికి మడ్డి పట్టింది. యజమానులు నూనె సరిగా మార్చకపోవడమే కారణమని కంపెనీ మొదట్లో అంది. సమయానికి మార్చిన రసీదులు చేతబట్టుకుని యజమానులు గొడవ చేశారు. చివరికి 2002లో దాదాపు 33 లక్షల బండ్లకు ఎనిమిదేళ్ళ దాకా తామే బాగుచేయిస్తామని టొయోటా ప్రకటించింది. మహా అయితే అయిదారేళ్ళ బండ్లు అవి! లోపల ఎక్కడ ఎంత వేడి పుడుతోంది, ఆవిర్లు ఎలా బయటికి పోతున్నాయి అన్న ప్రశ్నలు తప్ప పుట్టిన సంవత్సరం అక్కడ ఏమీ వివరించలేదు.

ఆవిర్లు బయటికి పోవడం అన్నానే, కీలకం అదే. పూర్వం కార్లలో క్రాంక్‌కేసు ఆవిర్లను ఒక గొట్టం రోడ్డు మీదికి వదిలేసేది. లాస్ ఏంజెలెస్ ఆకాశం పొగమంచుతో కమ్ముకుపోతే, పెట్రోలు ఆవిర్లు ఎండలో మారి ఆ పొగ అవుతోందని హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త 1950లలో తేల్చాడు. ఆ తర్వాత 1960ల మొదట్లో కాలిఫోర్నియాలో ఆ గొట్టాన్ని మలుపు తిప్పి, ఆవిర్లను మళ్ళీ ఇంజనే పీల్చి మండించుకునేలా చేశారు. ఊరి గాలి కోసం చేసిన ఈ మార్పు ఇంజనుకూ మేలు చేసింది. క్రాంక్‌కేసులో తేమ, ఆమ్లపు ఆవిర్లు నిలవకుండా ఎప్పటికప్పుడు ఖాళీ అయ్యాయి. ఆ దారి మూసుకుపోతే లోపల మడ్డి కడుతుంది. ఆ దారికి పగులొస్తే బయటి గాలి దూరి ఐడ్లింగ్ చెడుతుంది.

మా బండిలో రెండూ ఒక్కచోటే దొరికాయి. ఉస్తాద్ ఒక సన్నటి రబ్బరు పైపు కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసను ఇంజను చుట్టూ తిప్పుతూ వినుకుంటూ పోయాడు. కార్బొరేటర్ నుంచి సిలిండర్లకు దారి అయిన మానిఫోల్డ్ దగ్గరికి వచ్చేసరికి ఆగాడు.

“ఈడ బుస్సుమంటుంది, వినుండ్రి.”

నిజమే, సన్నటి బుస. ఆవిర్లను మానిఫోల్డ్‌లోకి తీసుకుపోయే బ్రీదర్ పైపు, మానిఫోల్డ్‌కు తగిలే కొసన వేడికి బిరుసెక్కి పగిలింది. మానిఫోల్డ్ లాగే లాగుడంతా ఆ పగుల్లోంచి బయటి గాలిని పీల్చడానికే సరిపోతోంది. క్రాంక్‌కేసు ఆవిర్లు ఎక్కడివక్కడ నిలిచిపోతున్నాయి. వాటి జిడ్డుకు పైపు అవతలి కొస సగం పూడుకుపోయింది. వేలెడు రబ్బరు ముక్క ఒక పక్క వణుకు పుట్టించింది, ఇంకో పక్క మడ్డి పుట్టించింది. రెండు జబ్బులనుకున్నవి ఒకే జబ్బుకు రెండు ముఖాలు. ఆ పైపు ధర కంటే దాన్ని తెచ్చుకోవడానికి రాణీగంజ్ దాకా పోయివచ్చిన ఆటో కిరాయే ఎక్కువైంది.

మడ్డి తియ్యడం గురించి మాత్రం నాకు గట్టి అభిప్రాయం ఉంది. చాలాచోట్ల పాత నూనె వంపేసి, డీజిలో ఫ్లషింగ్ ఆయిలో పోసి, ఇంజను స్టార్ట్ చేసి కడిగేస్తామంటారు. తక్కువ మడ్డి ఉన్న ఇంజనుకు అది చెల్లొచ్చు. బాగా పట్టిన ఇంజనులో గడ్డలు ఊడి నేరుగా ఇంజను అడుగున నూనె నిలిచే చాంబర్‌లోని జల్లెడ మీదికి పోతాయి. ఆ జల్లెడ పూడితే పంపు నూనె లాగలేదు, బేరింగులకు నూనె అందదు. ఏళ్ళ తరబడి మూలన పడి ఉన్న మడ్డి చెయ్యని హాని ఒక్కపూటలో జరిగిపోతుంది. ఉస్తాద్ ఆ మాటే అని, చాంబర్ దింపి జల్లెడను కిరసనాయిల్‌తో విడిగా కడిగి, టాపెట్ కవర్ కింద చెయ్యి దూరినంతమేర బ్రష్షుతో, గుడ్డతో తుడిచాడు. మిగిలినదాన్ని కొత్త నూనె నిదానంగా కరిగించుకుంటుందని 20డబ్ల్యు-40 పోసి, వెయ్యి కిలోమీటర్లకే మళ్ళీ మార్చెయ్యమన్నాడు. ఆ కిలోమీటర్లు క్యాంపస్‌లో తిరిగినవి కాకూడదని షరతు. అందుకే ఈమధ్య ఆదివారాలు ఘట్‌కేసర్ దాటి భువనగిరి దాకా పోయివస్తున్నాం. ఆ ఏకశిల కొండ కింద బండి ఆపి మూత తిప్పి చూస్తే కాఫీ నురగ కనిపించడం మానేసింది.

ఇదంతా జరుగుతున్న రోజుల్లోనే కాచిగూడలో ఉండే మా అమ్మ అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయనేది. చీకట్లో లేస్తే అడుగు ఎక్కడ పడుతోందో తెలియట్లేదనేది. చూపించిన మొదటి డాక్టరు “ఈ వయసులో మామూలేనమ్మా” అన్నారు. అమ్మ దాన్ని తీర్పులా స్వీకరించి, ఆ తర్వాత అడగడం మానేసింది. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఆ మౌనం. ఇంకొకరు రక్తపరీక్ష రాస్తే బి12 బాగా తక్కువని తేలింది. పుట్టినప్పటినుంచీ శాకాహారం, పైగా పెద్దవయసులో కడుపు దాన్ని పీల్చుకునే శక్తి తగ్గుతుంది. ఇంజెక్షన్లు పడ్డాక నెలల మీద తిమ్మిరి తగ్గుతూ వచ్చింది. వయసు అక్కడ ఉన్న మాట నిజం. కానీ వయసు అన్న మాట దగ్గర ఆగి ఉంటే ఆ తిమ్మిరి నరాల్లో శాశ్వతంగా ఉండిపోయేది.

ఇలా ఆగకపోవడానికి తార్నాకలో ఒక చరిత్రే ఉంది. జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు ఆరా తీసే చిన్న యూనిట్‌గా మొదలైంది, ఉస్మానియా యూనివర్సిటీ పుట్టిన ఏడాదే. 1958లో హైదరాబాద్ వచ్చింది. దక్కన్‌లో జొన్నరొట్టె తిని బతికే పేదల్లో పెలాగ్రా కనిపించేది. ఎండపడిన చోట చర్మం నల్లబడి పొరలు లేస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, మనసు చెదురుతుంది. అది మొక్కజొన్న తినేవాళ్ళ జబ్బని ప్రపంచం అనుకుంటోంది. మరి జొన్న తినేవాళ్ళకెందుకు వస్తోంది? బీదరికం అని చెప్పి ఊరుకోవచ్చు, అది అబద్ధమూ కాదు. ఆ సంస్థ శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకాంతియా ఊరుకోలేదు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం పాలు ఎక్కువగా ఉండటం వైపు 1960లో వేలు చూపారు. ఆ ప్రతిపాదన మీద తర్వాత వాదాలు నడిచాయి. నడవనీ. వేలు చూపించాల్సిన చోటు ఒకటి ఉందని నమ్మారు, అది చాలు నాకు.

మళ్ళీ బండి దగ్గరికొస్తే, బండ్లకు వయసును బట్టి శిక్ష వేసే ఆదేశాలు మన దేశంలోనే వచ్చాయి. ఢిల్లీ ప్రాంతంలో పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండి, పదేళ్ళు దాటిన డీజిల్ బండి రోడ్డెక్కకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ అంది, 2018లో సుప్రీంకోర్టు ఆ మాటనే నిలబెట్టింది. ఢిల్లీ గాలి పీల్చేవాళ్ళ గోడు నాకు తెలుసు. కార్బొరేటర్ బండి ఎంత బాగున్నా 2020 తర్వాత వచ్చిన బీఎస్ 6 బండితో పొగ విషయంలో పోటీ పడలేదు. ఆ మాట దాచి పాత బండిని వెనకేసుకు రావడం నాకిష్టం లేదు. అయినా పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే పరీక్ష ఎలా జరుగుతుందో చూడండి. బండిని ఐడ్లింగ్‌లో ఉంచి, సైలెన్సర్‌లో గొట్టం పెట్టి, కార్బన్ మోనాక్సైడ్ ఎంత, మండని హైడ్రోకార్బన్లు ఎంత అని కొలుస్తారు. మా బండి కాలం నాటి కార్లకు మోనాక్సైడ్ మూడు శాతం దాటకూడదు. అంటే చట్టం కూడా బండి ఊరికే తిరిగేటప్పుడే దాని నిజం వింటోంది. ఆ కొలతను నిజాయితీగా చేసి, హద్దు దాటినదాన్ని కొత్తదైనా ఆపేస్తే నాకు అభ్యంతరం లేదు. పుట్టిన తేదీ చూసి ఆపేస్తేనే బాధ.

ఇప్పుడు కొత్త చిక్కు ఒకటి వచ్చింది. బంకుల్లో పెట్రోలులో ఇథనాల్ ఇరవై శాతానికి చేరింది. ఇథనాల్‌లో బరువులో మూడో వంతుకు పైగా ఆక్సిజనే కాబట్టి దానికి గాలి తక్కువ చాలు. కొత్త బండ్లలో సెన్సర్ పసిగట్టి పెట్రోలు పెంచుతుంది. కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు, దాని జెట్ రంధ్రం ఎంతో అంతే. మిశ్రమం మళ్ళీ పలచబడుతుంది, ఈసారి ఏ పగులూ లేకుండానే. ఉస్తాద్ జెట్ ఒక నంబరు పెద్దది వేద్దామంటున్నాడు. ముందు ఇంకో ట్యాంకు తిప్పి ప్లగ్గుల రంగు చూద్దామని నేనంటున్నాను. తెల్లబడి ఉంటే ఆయన మాటే, గోధుమరంగులోనే ఉంటే ఉన్న జెట్టే. చీలిన మౌంటింగ్ ఎలాగూ మార్చాలి, రెండు పనులకూ కలిపి దసరా వెళ్ళాక రమ్మన్నాడు.